నీళ్ల ట్యాంకు మీద ఏ సంవత్సరం?

“రాసిపెట్టుకో వెర్నా. ట్యాంకెక్కేది ఎనభై ఎనిమిదే,” అన్నాడు డెల్బర్ట్, మొక్కజొన్న రొట్టెకి వెన్న పూస్తూ.

“ఊఁ,” అంది భార్య.

టాల్‌మన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పేరు మ్యూల్స్. అంటే కంచరగాడిదలు. అలబామాలోని ఆ ఊళ్లో ఎవరినైనా గాడిదా అంటే పొంగిపోతారు. ఆ జట్టు చరిత్రలోకెల్లా గొప్ప ఏడాది ఏదో తేల్చమని ఊరి రేడియో వేసవి మొదట్లో పోటీ పెట్టింది. నెగ్గిన ఏడాదిని ఊరి నీళ్ల ట్యాంకు మీద నిలువెత్తు అంకెల్లో వేయిస్తారు. ట్యాంకేమో సరిగ్గా డెల్బర్ట్ వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది. బతికినన్నాళ్లూ పొద్దున్నే కాఫీ తాగుతూ 1988ని కళ్లారా చూసుకోవాలి. డెబ్బయ్యో పడిలో ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఆగస్టు వచ్చేసరికి పోటీలో రెండే ఏళ్లు మిగిలాయి. 1988, 1974. మొదటిదానికి వకీలు డెల్బర్ట్. రెండోదానికి పైన్ క్రీక్ నుంచి ఫోన్ చేసే ఆర్లిస్ అనే ముసలాయన. ఆయన్ని చూసినవాళ్లు లేరు. గరగరమనే ఆ గొంతు మాత్రం ఊరందరికీ తెలుసు.

మంగళ, గురువారాల్లో పది గంటలకు కార్యక్రమం. బట్టలారబెట్టే యంత్రం రొదకి ఇంట్లో మాట వినబడదు. అందుకని డెల్బర్ట్ ఫోను పట్టుకుని పెరట్లో ఉన్న పికప్ ట్రక్కెక్కి, అద్దాలు బిగించుకుని కూర్చునేవాడు.

“లెక్క చూడు మిచ్,” అన్నాడు ఓ మంగళవారం, రేడియో కుర్రాడితో. “ఎనభై ఎనిమిదిలో పదకొండు గెలిచాం, ఒక్కటి ఓడాం. డెబ్బై నాలుగులో మూడు ఓడారు. ఇంకా వాదనేమిటి?”

మిచ్ రెండో లైను కలిపాడు.

“నాయనా డెల్బర్ట్,” అన్నాడు ఆర్లిస్. “నీ పదకొండులో నాలుగు మా పక్కింటి కోళ్లు కూడా గెలిచే ఆటలు. డెబ్బై నాలుగులో మోకాలి లోతు బురదలో, పొరుగూరి కాలేజీ వాళ్లని వాళ్ల మైదానంలోనే మట్టి కరిపించాం. నాలుగు సెకన్లుందనగా ఆఖరి బంతి. తన్నేముందు ఆ అబ్బాయి బూటుకంటిన బురదని ఎడమచేత్తో గీకాడు. ఇరవై గజాల్లో నుంచుని చూశా.”

“నువ్వు జట్టులో ఆడావా?”

“లేదు. మైదానం గట్టున నా పని నాకుంది. నువ్వెక్కడున్నావయ్యా అప్పుడు? గవదబిళ్లలొచ్చి, దవడలకి గుడ్డ చుట్టుకుని మంచంలో రేడియో వింటున్నావు.”

డెల్బర్ట్ ఠక్కున ఫోను కట్టేసి పికప్ దిగాడు.

“మంగలి గ్రేడీ గాడే చెప్పుంటాడు!” ఇంట్లోకొచ్చి చిందులు తొక్కాడు. “అప్పుడు నా హాస్టల్ గదిలో ఉన్నది వాడేగా!”

“అంతే అయ్యుంటుంది,” అంది వెర్నా, బట్టలు మడతపెడుతూ.

యాభై ఏళ్ల స్నేహం ఆ పూటతో సరి. డెల్బర్ట్ క్షవరానికి పక్క ఊరు వెళ్లాడు. అక్కడి మంగలి చెవుల చుట్టూ కందకాలు తవ్వి పంపించాడు.

అక్కణ్ణించి ఆయన జాగ్రత్తపడ్డాడు. రేడియోలో ఏం మాట్లాడాలో ముందురోజే భోజనాల దగ్గర వెర్నా ఎదుట వల్లెవేసేవాడు. ఎంత వల్లెవేస్తే ఏం లాభం? తెల్లారేసరికి ప్రతి మాటకీ ఆర్లిస్ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

“నా బుర్రలో కాపురం పెట్టాడే వీడు!”

“ఇంకో ముక్క వెయ్యనా?” అంది వెర్నా. మళ్లీ తనే, “ఆ మాటకొస్తే డెబ్బై నాలుగు కూడా అంత తీసిపారేసేది కాదేమో…” అంది.

డెల్బర్ట్ జాలిగా నవ్వాడు. “పిచ్చిదానా, ఫుట్‌బాల్ గొడవ నీకెందుకు? రేపు చర్చిలో పాటల ప్రాక్టీసుందిగా. అది చూసుకో.”

వెర్నా మారుమాటాడలేదు. చర్చిలో మగగొంతులు కరువై, మూడేళ్లుగా మగవాళ్ల వరసలోనే నిలబడి పాడుతోంది. గొంతు దాచుకోవాలి కదా.

డెల్బర్ట్ లేచి, తన మ్యూల్స్ టోపీని మూలనున్న పాత ఇత్తడి బాకాకి తగిలించాడు. కాలేజీ బ్యాండు రోజుల నుంచి దాచుకుని, పెళ్లికి ఆమె వెంట తెచ్చుకున్న సామాను అది. టోపీకి ఇంత అనువైన కొక్కెం ఇంట్లో ఇంకోటి లేదు.

ఆ ఏటి మొదటి ఆట రోజు వచ్చింది. స్టేడియం ముందు వేదిక, రెండు కుర్చీలు, ఒక మైకు. ఇద్దరూ ముఖాముఖి తేల్చుకుంటారు. జనం ఎవరికి ఎక్కువ చప్పట్లు కొడితే వాళ్ల ఏడాది ట్యాంకెక్కుతుంది. ఆర్లిస్ కూడా వస్తానన్నాడని మిచ్ ప్రకటించాడు. కాలుతున్న పందిమాంసం పొగలో ఊరంతా దగ్గుతూ ఎదురుచూస్తోంది.

“ముందు వరసలో కూర్చో,” అని డెల్బర్ట్ భార్యకి పురమాయించాడు. “నేను గడ్డం గోక్కున్నప్పుడల్లా చప్పట్లు కొట్టు. ఆ ముసలాడి మొహం మాత్రం మరిచిపోకుండా చూడు.”

“చూడకేం?” అంది వెర్నా. ఆమె చేతిలో కొబ్బరి కేకు ఉంది, గెలిచాక కొయ్యడానికి.

డెల్బర్ట్ వేదికెక్కి కాలు మీద కాలేసుకున్నాడు. జేబులో కాగితాలు తడుముకున్నాడు.

“పైన్ క్రీక్ ఆర్లిస్ గారూ! దయచేయండి!” అని కేకేశాడు మిచ్.

జనమంతా కర్ర పట్టుకొచ్చే ముసలాయన కోసం వెనక్కి తిరిగి చూశారు.

వెర్నా తాపీగా మెట్లెక్కి, కేకు డెల్బర్ట్ ఒళ్లో పెట్టి, ఖాళీ కుర్చీలో సర్దుకుని, మైకు దగ్గరికి లాక్కుని గరగరమనే గొంతుతో అడిగింది: “దవడల వాపు తగ్గిందా, నాయనా డెల్బర్ట్?”