బోర్డు మీద పేర్లు

“నా కూతురికి తండ్రి లేడని బోర్డు మీద రాసి అందరిసేతా సదివిస్తారేటి?”

నర్సీపట్నంలో రేషన్ షాపు ముందు కిరసనాయిలు లైను వదిలేసి వచ్చిన లోవమ్మ, ట్యూషను అరుగెక్కి కరుణకుమారి టీచర్ని దులిపేసింది.

“ఇంగ్లీషులో చివర ‘లెస్’ ఉంటే లేకపోవడమని అర్థం, లోవమ్మగారూ. హోమ్‌లెస్ అంటే ఇల్లు లేనివాళ్లు. ఫాదర్‌లెస్ అంటే తండ్రి లేనివాళ్లు. గుర్తుండాలని పక్కన మన పేర్లే రాసుకుంటాం.”

“మీకు పిల్లల్లేరు గదా. అదీ రాయండి, నేనూ సూస్తాను.”

టీచరు చేతిలో సుద్దముక్క విరిగింది.

కూతురు నూకరత్నం లోవమ్మ కొంగు పట్టి లాగింది. “ఊరుకోయే అమ్మా. చైల్డ్‌లెస్ అని అందరికన్నా ముందు టీచరుగారే రాసుకున్నారు. అది సూసినాకే నా పేరు నేను రాసుకున్నాను.”

లోవమ్మ కోపం దిగలేదు. ఎవరి మీద చూపాలో తెలియలేదంతే.

“ఆవిడ పేరేదే?”

కూతురు పై వరస చూపించింది. లోవమ్మ కొంగుతో ఆ వరస బరబరా తుడిచేసి, కిరసనాయిలు డబ్బా అందుకుంది.

“నా కూతురిది ఉంటే ఉండనీండి. మీది మాత్రం మళ్లీ రాసేరంటే ఊరుకోను.”