పదహారో మనిషి

“ఇందులో హాల్వర్సన్ తప్పేముందయ్యా?” అన్నాడు గౌరీశంకర్.

శశికాంత్ చేతిలోని మిరపకాయ బజ్జీ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

మూడేళ్లుగా ఆదివారం మ్యాచ్ ఉందంటే చాలు, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని గౌరీశంకర్ ఇంటి బేస్‌మెంట్‌లోనే చూస్తున్నారు. బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఎవరుండాలో, ఎవరు పోవాలో తేల్చే జనరల్ మేనేజర్ హాల్వర్సన్‌ని ఇదే సోఫాలో కూర్చుని గౌరీశంకర్ తిట్టని తిట్టు లేదు. అలాంటిది, పదకొండేళ్లు ఆడిన బ్రిగ్స్‌ని ఆ హాల్వర్సన్ పంపించేసిన వారమే అతన్ని వెనకేసుకొస్తున్నాడు.

“జ్వరం గానీ వచ్చిందా గౌరీశంకరం?” అంటూ నుదురు పట్టుకు చూడబోయారు వీరాంజనేయులు. ఆయన రిటైరైన డాక్టరు. “పోయిన వారం వాణ్ణి రాతి మొహం అన్నది నువ్వే.”

“రాతి మొహం వెనక ఏముందో మనకేం తెలుసండీ? టీమ్‌లో పదిహేను మందికే చోటు. ఉన్నది పదహారు మంది. ఒకణ్ణి తీసెయ్యమని పైవాళ్లు చెప్పారు. పేరు మాత్రం ఇతన్నే రాయమన్నారు. ఎవరి పేరు రాస్తాడు?”

శశికాంత్ బజ్జీని ప్లేట్‌లో పెట్టేశాడు.

ఆఫీసులో గౌరీశంకరే అతని మేనేజరు. కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాసే టీమ్ వాళ్లది. అందులోంచి ఒకరు పోతారని శుక్రవారం నుంచి గుసగుసలు. తనలా హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజులే గడువు. ఆలోపు ఇంకోటి దొరకలేదా, నాలుగో క్లాసు చదివే కూతురు చరితని బడి మధ్యలో మాన్పించి ఇండియాకి సామాను సర్దుకోవాల్సిందే.

“బ్రిగ్సే ఎందుకు పోవాలన్నా?” అన్నాడు టీవీ వంకే చూస్తూ. “అంత నమ్మకంగా పనిచేశాడు. ఒక్క రోజు లీవ్ పెట్టలేదు.”

“ఆటగాళ్లకి లీవేంటయ్యా?” అన్నారు డాక్టరు.

“అదే, ఒక్క మ్యాచ్ మిస్ అవ్వలేదు అంటున్నా.”

“పాతవాడు కదా, ఎక్కడైనా బతికేస్తాడు,” అన్నాడు గౌరీశంకర్. “కుర్రాళ్లని తీసేస్తే వాళ్లెక్కడికి పోతారు శశీ?”

టీమ్‌లో గౌరీశంకర్ తర్వాత పాతవాడు శశికాంతే. కుర్రాడు వినీత్ వచ్చి ఏడాది కూడా కాలేదు.

“సరే, తీశాడు. మొహం మీద చెప్పి తియ్యొచ్చుగా?” డాక్టరు వదల్లేదు. “ఏజెంట్ ఫోన్ చేస్తే గానీ బ్రిగ్స్‌కి తెలియలేదట.”

“సంతకాలు అయ్యేదాకా నోరు మెదపకూడదండీ. రూల్స్ అలా ఉంటాయి.”

“నీకెలా తెలుసు?”

గౌరీశంకర్ రిమోట్ అందుకుని సౌండ్ పెంచాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాడు శశికాంత్.

“ఇంతకీ నీ ఆఫీసు బల్ల మీద బ్రిగ్స్ బొమ్మ ఉండాలిగా, తలాడించేది,” అన్నారు డాక్టరు, సౌండ్‌ని మించి. “పార్టీ మార్చావు కాబట్టి దాన్నీ పారేశావా?”

“నేనక్కడ ఉన్నన్నాళ్లూ అది కదలదండీ.”

“ఎన్ని చెప్పు, హాల్వర్సన్ పిరికివాడే. దమ్మున్నవాడైతే తన పేరే రాసి ఇచ్చేవాడు.”

“భలేవారే,” అన్నాడు శశికాంత్. గొంతులో చేదు దాగలేదు. “లిస్ట్ రాసేవాడి పేరు లిస్ట్‌లో ఎందుకుంటుంది డాక్టర్ గారూ?”

గౌరీశంకర్ అతని వంక ఒక్కసారి చూసి, మళ్లీ ఆటలో పడ్డాడు. ఆ తర్వాత ఎవరు పాయింట్ వేశారో, ఎవరు వదిలేశారో శశికాంత్‌కి తెలియలేదు.

హాఫ్‌టైమ్‌లో ప్లేట్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్తే గౌరీశంకర్ వెనకే వచ్చాడు.

“గ్రీన్‌కార్డ్ ఎక్కడిదాకా వచ్చింది శశీ?”

“లైన్లోనే ఉందన్నా. ఎన్నేళ్లకి వస్తుందో.”

“ఊఁ.” అతని చేతిలోని ప్లేట్ అందుకుని సింకులో పెట్టాడు. “రేపు తొమ్మిదింటికి హెచ్ఆర్‌తో కాల్ ఉంది. జాయిన్ అవ్వు.”

“దేనికన్నా?”

“వాళ్లే చెప్తారు.”

శశికాంత్ ఇక మ్యాచ్‌కి ఆగలేదు. ఇంట్లో భార్య రాగిణి ఎదురుచూస్తోందని చెప్పి బయల్దేరాడు. గౌరీశంకర్ భార్య జానకీదేవి పెరుగు డబ్బాలో పులిహోర కుక్కి చేతిలో పెట్టింది.

“పాపకీ రాగిణికీ. రేపు వంట పెట్టుకోకండి, హడావుడిగా ఉంటుంది.”

ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతను చూడటం చూసి, “ఉల్లిపాయలు తరిగాన్లే,” అంది. తిన్న ప్లేట్లలో ఉల్లిపాయ ముక్క ఒక్కటీ లేదు.

అయితే ఈవిడకీ తెలుసన్నమాట. మూడేళ్లు తమ్ముడిలా ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, చివరికి పెరుగు డబ్బాతో సాగనంపుతున్నారు.

“వస్తాను వదినా,” అన్నాడు, అన్న మొహం చూడకుండానే.

మంచు రోజుల్లో అందరి బూట్లూ గరాజ్‌లోనే. ఒక బూటు కనిపించింది. రెండోది ఎవరి కాలో తగిలి, గోడవార కొత్తగా పెట్టిన అట్టపెట్టె వెనక్కి పోయింది. రేపటి నుంచి ఈ గడప తొక్కితే ఒట్టు అనుకుంటూ, ఉన్న కోపమంతా చూపించి పెట్టెను పక్కకి లాగాడు. పైమూత విచ్చుకుంది.

లోపల, గౌరీశంకర్ ఆఫీసు బల్ల మీదుండే పేరు పలక మీద, బ్రిగ్స్ బొమ్మ తలాడిస్తోంది.