దుప్పటి మడత

పనులు పోయి జనం ఊళ్లు చూడటమే మానేసిన ఏడాది. ఈ సాయంత్రంలోగా ఒక్క టూరిస్టయినా దిగకపోతే లాడ్జి మూసేస్తానన్నాడు యజమాని.

పరదేశికి తలుపు తియ్యమంటుంది బైబిలు వాక్యం. గదులు సర్దే ఆమె పొద్దుటినుంచీ తీసే ఉంచింది. వచ్చేవాడేడీ?

పొద్దు వాలుతుండగా సంచీతో ఒకాయన వచ్చాడు. "ఊరు చూడ్డానికొచ్చానమ్మా. ఒక్క రోజుకి గది కావాలి."

మర్నాడు ఆ గది ఊడవబోయి ఆమె ఆగిపోయింది. దుప్పటి మూలలు కవరులా మడిచి, పరుపు కిందికి బిగించి ఉన్నాయి. అలా మడిచేది గదులు సర్దేవాళ్లే.

సంచీతో బయల్దేరుతున్న ఆయన్ని గుమ్మంలో ఆపింది. "అన్నయ్యా, మీరొచ్చింది ఊరు చూడ్డానికి కాదు."

"కాదమ్మా. మీ లాడ్జి సంగతి బస్సులో విన్నా. మూతపడ్డ మా లాడ్జిలో నాదీ ఇదే పని. ఆఖరి రోజు చీకటిపడేదాకా గుమ్మంలోనే నిలబడ్డా. ఎవరూ రాలేదు."