కడిగేసిన పసుపు

"ఏయ్, ఏం చేస్తున్నావయ్యా అక్కడ?"

పళ్లు తోముకుంటున్న పురుషోత్తం నోట్లో బ్రష్షుతోనే వీధిలోకి వచ్చాడు.

లాల్‌దర్వాజాలో అతను అద్దెకుంటున్న ఇంటి ముందు ఓ వేపచెట్టుంది. ఎవరో కొత్త మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని, దాని మొదలుకు పసుపు పూస్తున్నాడు. కుంకుమ బొట్లు అప్పటికే పెట్టేశాడు.

"అమ్మవారిని నిలబెడుతున్న సార్," అన్నాడతను చెయ్యి ఆపకుండా. "అమ్మవారుంటె చెట్టును ఎవ్వలు ముట్టరు."

పురుషోత్తానికి ఒళ్లు మండిపోయింది.

రెండు వేల మూడు ఎండాకాలం అది. రోడ్డు వెడల్పు చేస్తామంటూ ఆ చెట్టును కొట్టేయడానికి రాసుకున్నారు. ఆ రేకుల ఇంటికి ఉన్న నీడ అదొక్కటే. భార్య విమలాదేవికి ఆయాసం. కరెంటు పోతే ఆ చెట్టు కింద కుర్చీ వేసుకుంటే గానీ ఆమెకు ఊపిరాడదు. అందుకే పురుషోత్తం మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. అర్జీల మీద అర్జీలు పెట్టాడు. ఇంజనీరు దర్శనమే కాలేదు. ఎప్పుడడిగినా "సార్ సైటు మీద ఉన్నరు" అంటారు. ఏ సైటో ఆ దేవుడికే తెలియాలి!

ఇప్పుడు పైగా ఈ తంతొకటి.

"ఇవాళ బొట్టు, రేపు హుండీ, ఎల్లుండి గుడి! స్థలం కబ్జా చేద్దామనేగా?"

"తప్పు సార్. నాకెందుకు స్థలం?"

"చెట్టు చెట్టుగానే బతకాలయ్యా! గాలినిస్తుంది, నీడనిస్తుంది, అందుకు బతకాలి. నీ మూఢనమ్మకాలతో కాదు."

"నిజమే సార్. గని గాలి, నీడ అంటె గొడ్డలి ఆగదు. అమ్మ అంటె ఆగుతది."

"నాకే పాఠాలా? నడు ముందు! పోలీసుల్ని పిలవమంటావా?"

ఆ మనిషి ఇంకేదో చెప్పబోయాడు. జనం పోగవుతున్నారని చూసి, తల దించుకుని వెళ్లిపోయాడు.

"ఉండనివ్వండీ, మనకేం పోయింది?" అంది విమలాదేవి గుమ్మంలోంచి.

"నీకు తెలీదు, ఊరుకో."

రెండు బిందెల నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో మొదలంతా రుద్ది కడిగాడు. లోకానికి పట్టిన మురికంతా వదిలించినంత తృప్తి పడ్డాడు, మహానుభావుడు.

వారం తిరక్కుండానే రంపాలు, తాళ్లతో కూలీలు దిగారు.

మేస్త్రీ గుండయ్య చెట్టు చుట్టూ తిరిగి చూశాడు. మళ్లీ తిరిగాడు.

"ఏంది గిట్లుంది? పసుపేది, బొట్టేది?"

"ఏం బొట్టు?" అన్నాడు పురుషోత్తం.

"గీ చెట్టుకు అమ్మవారున్నదట గద సార్. ఉంటె ముట్టకున్రి, వాపస్ రాన్రి, రోడ్డు జర పక్కకు తిప్పుదమన్నడు మా ఇంజనీర్ సాబ్."

పురుషోత్తం చెట్టు మొదలు వైపు వేలు చూపించాడు.

"ఉంది! అమ్మవారుంది! నేనే... కడిగేశాను."

"అమ్మవారిని కడిగినవా?" గుండయ్య నోరు తెరిచాడు.

పురుషోత్తం లోపలికి పరుగెత్తి పసుపు డబ్బాతో తిరిగొచ్చాడు. గుండయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు పూస్తె ఏం ఫాయిదా సార్? అగో, కాంట్రాక్టర్ చూస్తనే ఉన్నడు. బొట్టు లేదని పై ఆఫీసుకు ఫోన్ గూడ జేసిండు. ఇగ నా చేతుల ఏం లేదు."

మధ్యాహ్నానికి చెట్టు నేల మీద పడి ఉంది. ఎండ నేరుగా రేకుల మీదికొచ్చింది. విమలాదేవి కుర్చీ మడిచి లోపల పెట్టుకుంది.

"ఏడీ మీ ఇంజనీరు? ఇవాళైనా సైటు మీద ఉన్నాడా?" అని అరిచాడు పురుషోత్తం. కోపం ఎవరి మీదో అతనికే తెలియడం లేదు.

"ఎందుకు లొల్లి సార్? అగో, మా ఇంజనీర్ వైకుంఠం సార్ వచ్చిండు. ఆయన్నే అడుగున్రి," అన్నాడు గుండయ్య.

జీపు దిగి, మొద్దు దగ్గరకొచ్చి, దాన్ని చేత్తో తడిమినవాడు, పోలీసుల్ని పిలుస్తానని తను తరిమేసిన ఆ పసుపు చేతుల మనిషే.