తలగడ మీద టిప్పు

డబ్బులు మళ్ళీ తలగడ మీదే ఉన్నాయి.

పిల్లాణ్ణి చంకన వేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది కోడలు. గది అద్దంలా ఉంది. మంచం మీద ఉతికిన దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. పొద్దున తను ఎక్కడ పెట్టిందో సరిగ్గా అక్కడే ఉంది మధ్యకు మడిచిన నోటు. అంటే, దుప్పటి మార్చేటప్పుడు తీసి, పనయ్యాక మళ్ళీ జాగ్రత్తగా పెట్టారన్నమాట. చూసుకోకపోవడం కాదిది. అక్కర్లేదని చెప్పడం.

"పనమ్మాయి వచ్చి వెళ్ళిందా అత్తయ్యా?"

బాల్కనీ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న అత్తగారు, "గది చూస్తే తెలియట్లా?" అంది.

భర్త రెండు వారాల ట్రైనింగు కోసం కంపెనీ ఇచ్చిన గదులవి. పరాయి దేశంలో పిల్లాడితో ఒక్కతే ఎలా వేగుతుందని అత్తగారు కూడా వచ్చింది. వచ్చిన రాత్రే బుడ్డోడు పక్క తడిపాడు. మూడేళ్ళు నిండి, ఆరు నెలలుగా మానేసిన అలవాటు. కొత్త చోటికి బెదిరాడో ఏమో, ఇక రోజూ అదే వరస. తలుపు వెనక అంటించిన కాగితం చదివి భర్త మొహం మాడ్చుకున్నాడు. పరుపు పాడైతే కంపెనీకి రాస్తారట. కిందటి బ్యాచిలో ఒకాయన్ని అలాగే ట్రైనింగు మధ్యలో ఇంటికి పంపేశారట. ఇతని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

అత్తగారికి చెప్పే ధైర్యం మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ లేదు. తమ ఇంట్లో రెండేళ్ళు దాటాక పక్క తడిపిన పిల్లలే లేరని విమానంలోనే చెప్పిందావిడ, ఎవరూ అడక్కుండానే.

ఇక భయమంతా పనమ్మాయి నోటి గురించే. కోడలు రోజూ పొద్దున్నే తడి దుప్పటిని స్నానాలగదిలోని బుట్ట అడుక్కి కుక్కి, పైన తువ్వాళ్ళు కప్పి, పరుపు మీదికి రగ్గు లాగేసి, పిల్లాడితో కింద పార్కుకు వెళ్ళిపోయేది. ఎదురుపడితే ఆ అమ్మాయికి మొహం ఎలా చూపించాలి? తిరిగొచ్చేసరికి మరక ఉండేది కాదు, వాసన ఉండేది కాదు. పరుపు వెచ్చగా ఉండేది. ఈ దేశంలో దానికీ ఏదో మిషను ఉంటుందనుకునేది. అంత చాకిరీ చేసిన మనిషి టిప్పు ముట్టుకోకపోతే ఏమనుకోవాలి?

భర్త ఆఫీసులో వాకబు చేస్తే తలా ఒక మాట చెప్పారు. ఆఖరి రోజు ఒకేసారి ఇవ్వాలని ఒకరు, మనుషులు మారుతుంటారు కాబట్టి ఏ రోజుది ఆ రోజే ఇవ్వాలని ఇంకొకరు. చివరికి ఎదురు ఫ్లాట్‌లో నాలుగేళ్ళుగా ఉంటున్న మన భాష ఆవిడ తేల్చింది.

"టేబుల్ మీద పెడితే మర్చిపోయారనుకుంటారు. తలగడ మీద పెడితేనే వాళ్ళది. మరీ తక్కువ పెట్టావనుకో, తీసుకోకపోవడమే వాళ్ళ జవాబు."

ఆ ఆఖరి మాట ముల్లులా దిగబడింది. ఒక నోటు రెండయింది. రెండు మూడయ్యాయి. కోడలి చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది, ఇక్కడి భాష అసలే రాదు. కాగితం మీద దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ గీసి నోట్ల కింద పెట్టింది. మర్నాడు బొమ్మా నోట్లూ పెట్టిన చోటే ఉన్నాయి.

"ఇంకాస్త పెంచు," అన్నాడు భర్త.

"ఎంతవరకండీ? ఇలా పోతే మీ జీతం ఆ తలగడకే చాలదు."

అటు అత్తగారికి సాయంత్రమయ్యేసరికి నడుం పట్టేస్తోంది. ఆ బాల్కనీ కుర్చీ పడటం లేదనుకుని కోడలు మందు రాసేది. రాస్తూ లోలోపల ఒకటే అనుకునేది: ఈవిడకు ఇక్కడి భాష రాకపోవడం ఎంత అదృష్టం, పనమ్మాయి చెప్పినా అర్థం కాదు.

ఖాళీ చేసే రోజు సూపర్వైజరు కాగితం పట్టుకుని వచ్చాడు. కుళాయిలు తిప్పాడు, అలమారలు తీశాడు. చివరికి మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి లాగాడు. పరుపు ఎత్తి రెండో వైపు కూడా చూశాడు. కోడలు పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుంది. అతను కాగితం మీద సంతకం పెట్టి, బుడ్డోడి బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు.

ఆమెకు నేల మీద కాళ్ళు నిలవలేదు. వరండా చివర దుప్పట్ల బండి కనిపించింది. పరుగెత్తుకెళ్ళి, పద్నాలుగు రోజుల డబ్బూ ఆ పనమ్మాయి చేతిలో కుక్కింది. ఆ అమ్మాయి తెల్లబోయింది. వద్దన్నట్టు చేతులూపింది. తర్వాత గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారి వైపు చూపిస్తూ ఏదో చెప్పబోయింది. కొంప మునుగుతుందని కోడలు ఆ పిడికిలి గట్టిగా మూసేసి, దణ్ణం పెట్టి వచ్చేసింది.

కారు కదిలాక గానీ ఊపిరి పూర్తిగా ఆడలేదు. ఇక దాచాల్సిన పనేముందనిపించింది. బుడ్డోడి సంగతి, దుప్పట్ల సంగతి అన్నీ అత్తగారికి చెప్పేసింది.

"బంగారంలాంటి పిల్ల అత్తయ్యా. ఒక్కరికీ చెప్పలేదు. డబ్బులు చూడండి, ఎంత బతిమాలితే తీసుకుందో."

"చూశాన్లే. ఇచ్చావు, మంచిదే," అంది అత్తగారు, నడుం సర్దుకుంటూ.

"అసలెందుకు వద్దంది అంటారు?"

అత్తగారు మనవడి తల నిమిరింది.

"ఒక్కరోజు కూడా ఆ పిల్లని నేను గదిలోకి రానివ్వలేదే అమ్మాయ్."