సేవకి సరిపడా మురికి

"మరుగుదొడ్లన్నీ ఇలా తళతళా మెరిసేలా కడిగేస్తే ఎలా ఆయమ్మా?" అంది సిస్టర్, మొహం చిట్లించి. "చర్చిలో భద్రమైన అభ్యంగనమనే సంస్కారానికి తయారవుతున్న పిల్లలు మన వృద్ధాశ్రమానికి సేవకి వస్తున్నారు. ఇంక వాళ్లేం కడగాలి? ఒక దాంట్లో కాస్త బురద పొయ్యి."

పొద్దున్నుంచీ నడుం పడిపోయేలా తోమిన గచ్చు మీద నా చేతులతో నేనే బురద చల్లాను.

పిల్లలొచ్చారు. ముక్కులు మూసుకుని గుమ్మంలోనే ఆగిపోయారు. వెనకనున్న ఒక పిల్లని ముందుకు తోశారు.

"నువ్వు కడుగు. మీ ఇంట్లో అలవాటేగా!"

ఆ పిల్ల ప్యాంటు మడుచుకుని, చీపురు పట్టి, మూలమూలలా కడిగింది. నేను తల తిప్పుకున్నాను.

గచ్చు శుభ్రమయ్యాక మిగతావాళ్లు లోపలికొచ్చి తలో చీపురూ అందుకున్నారు. సిస్టర్ ఫోటో తీయబోతూ ఆ పిల్లని చూసి, "నువ్వు పక్కకి జరుగమ్మా, తడిసిపోయావు, బాగోదు," అంది.

నాకు అక్కడే ఉమ్మెయ్యాలనిపించింది.

అందరూ వెళ్లిపోయాక ఆ పిల్ల, నా కూతురు, ఒక్కతే వెనక్కొచ్చింది.

"అమ్మా, ఎవరో కావాలనే పోశారే ఆ బురద. వాళ్ల చేతులు పడిపోను!" అంటూ, గోళ్లలో ఇంకా మట్టి వదలని నా చేతులు పట్టుకుంది.