నల్లకుక్క కక్కిన ముద్ద

ఫిబ్రవరి 21, శనివారం. పొద్దున్నే కల్లంలోకి వెళ్లేసరికి, ఆరబోసిన పసుపు మీద మా నల్లకుక్క అన్నం కక్కుతూ కనిపించింది. నిన్న కూడా ఇంతే.

"దీనికి రోగం తగిలింది. పసుపంత ఖరాబు చేస్తున్నది. రేపు ప్రార్థన అయినంక సంచిల ఏస్కపోయి కందకుర్తి అవతల ఇడిసిపెడ్త," అంటూ బాపు చేనికి వెళ్లిపోయాడు.

నేను చీపురు తెచ్చేలోపే కుక్కపిల్లలు దొర్లుకుంటూ వచ్చి తల్లి మూతి నాకాయి. అది మళ్లీ కక్కింది. జిగటగా, వెచ్చగా ఉన్న ఆ ముద్ద మీద అవి ఎగబడ్డాయి.

"థూ! అవ్వా, కక్కింది తింటున్నయే!"

అవ్వ నవ్వింది. "రోగం లేదు, పాడు లేదు దీవెనా. పిల్లలకు పండ్లు మొలిసినయి. పాలిస్తుంటే కొరుకుతున్నయి. గందుకే తిన్నదంత కడుపుల మెత్తగ చేసి పెడుతున్నది."

"అయితే మాత్రం? రోత కాదా?"

"గట్లనా! నీ సిన్నప్పుడు జొన్నరొట్టె నేనే నమిలి నీ నోట్ల పెడితిని. సప్పరించి, ఇంక కావాలని ఏడిస్తివి."

పరుగున వెళ్లి బోరింగు దగ్గర పుక్కిలించాను. ఎంత పుక్కిలించినా రోత పోలేదు.

రేపు పొద్దున్నే, బాపు లేవకముందే, జొన్నరొట్టె పాలలో నానబెట్టి కుక్కపిల్లలకు పెడతాను. వాటి కడుపు నిండితే తల్లి కక్కదు. రొట్టెను చేత్తోనే పిసుకుతాను. నమలడం మాత్రం నా వల్ల కాదు.